కుక్క వెంట ఈదే బాతులు: పాత వేట చెరువును చదవడం ఎలా

పెరట్లో పాము కనబడితే గోరింకలు ఏం చేస్తాయో చాలామంది చూసే ఉంటారు. పారిపోవు. కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతూ, పాము ఎటు పాకితే అటే వెంటపడి గొంతు చించుకుంటాయి. శత్రువు కళ్ల ముందు ఉన్నంతసేపు ఫరవాలేదు, కనుమరుగైతేనే ప్రమాదం అన్నది వాటి లెక్క. అడవి బాతులదీ ఇదే తీరు. ఒడ్డున నక్క కనబడితే, దానికి అందనంత దూరంలో ఉంటూ గుంపుగా దాని వైపే ఈదుతాయి. నక్క వీపు తిప్పి నడవడం మొదలుపెడితే ఇంకా ధైర్యంగా వెంటపడతాయి. బాతులకున్న ఈ ఒక్క అలవాటు మీద ఐరోపా వాయవ్య తీరంలో కొన్ని వందల ఏళ్లు పెద్ద వ్యాపారం నడిచింది. ఆ వ్యాపారం కోసం తవ్విన చెరువులే డికాయ్‌లు. వాటిలో మిగిలినవి కొన్ని ఇప్పుడు పక్షుల రక్షిత స్థలాలు.

వేట కోసం కట్టిన చోటు పక్షుల ఆశ్రయం కావడం వింతగానే ఉంటుంది. ఆ చెరువు ఎలా పనిచేసేదో తెలిస్తే మాత్రం వింత పోతుంది. తెలియకుండా వెళ్తే చెట్ల మధ్య ఒక మడుగు, పక్కన తుప్పు పట్టిన కమానులు, పాత తడికలు తప్ప ఏమీ కనబడవు. అరగంటలో విసుగొచ్చి వెనక్కి వస్తారు.

ముందు పేరు సంగతి. ఇంగ్లిష్‌లో డికాయ్ అంటే ఇప్పుడు ఎర అనీ, మోసపు బొమ్మ అనీ అర్థం. మన వేటగాళ్ల భాషలో దీనికి చక్కటి మాట ఉంది, దీమం. దీమపు పిట్టను కట్టేసి దాని కూతతో అడవి పిట్టల్ని రప్పించడం మనకు పాత విద్య. డికాయ్ చెరువు కూడా అలాంటిదే అనుకోవడం సహజం, కానీ ఈ మాట డచ్ నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. డచ్‌లో కోయ్ అంటే పంజరం, ఏందెన్‌కోయ్ అంటే బాతుల పంజరం. చెరువులో దీమపు బాతులు ఉంటాయన్నది నిజమే గాని అవి సహాయ పాత్రలు. అసలు పని చేసేవి పంజరం, గాలి, కుక్క.

ఈ విద్య ఇంగ్లండ్‌కు చేరింది కూడా డచ్ వాళ్ల నుంచే. 1665లో రెండో చార్లెస్ రాజు లండన్ సెయింట్ జేమ్స్ పార్కులో ఒక డికాయ్ కట్టించడానికి సిడ్రాక్ హిల్కస్ అనే డచ్ పనివాణ్ణి పిలిపించుకున్నాడు. డోర్సెట్‌లోని ఆబట్స్‌బరీ హంసల క్షేత్రంలో ఉన్న డికాయ్ ఇంకా పాతది, 1655 నాటిదని చెబుతారు. జర్మనీ ఉత్తర సముద్రపు దీవుల్లో ఇవి కాస్త ఆలస్యంగా వచ్చాయి. 1730లో ఫోర్ దీవిలో మొదటిది, 1767లో సిల్ట్ దీవిలోని కాంపెన్ దగ్గర మరొకటి. జర్మన్‌లో వీటి పేరు ఫోగెల్‌కోయె. పంజరం అన్న మాట అక్కడా పోలేదు.

చెరువు, దాని కాళ్లు

పై నుంచి చూస్తే డికాయ్ నక్షత్రంలా ఉంటుంది. మధ్యలో ఎకరం నుంచి మూడు ఎకరాల లోపు లోతు తక్కువ మడుగు. దాని మూలల నుంచి వంకర తిరిగిన కాలవలు బయటికి పోతుంటాయి. ఒక్కో కాలవను పైపు అంటారు. కొన్ని డికాయ్‌లకు మూడు నాలుగే ఉంటాయి. పీటర్‌బరో దగ్గరి బరో ఫెన్ డికాయ్‌కు ఎనిమిది.

పైపు కొలతలు తెలిస్తే పని తీరు సగం అర్థమైపోతుంది. మడుగు దగ్గర నోరు సుమారు 20 అడుగుల వెడల్పు. అక్కడి నుంచి 60, 70 గజాలు పోయేసరికి రెండడుగులకు కుంచించుకుపోతుంది. కాలవకు అటూ ఇటూ పాతిన కమానుల మీద వల కప్పుతారు. నోటి దగ్గరి కమాను 12 నుంచి 15 అడుగుల ఎత్తు ఉంటుంది, చివరిది మోకాలి ఎత్తుకు కాస్త పైన. నీటి లోతు కూడా అలాగే తగ్గుతూ వస్తుంది. చివర్లో విప్పి తీయగలిగే పొడుగాటి గొట్టపు వల ఉంటుంది. డచ్ డికాయ్‌లలో ఆ వలకు బదులు తలుపున్న చెక్క పెట్టె. కొల్లేటి చేపల వేటలో వాడే వెదురు మావు గుర్తొస్తే తప్పు లేదు. లోపలికి పోవడం తేలిక, బయటికి రావడం కష్టం అన్న సూత్రం రెండిట్లోనూ ఒకటే. చేప కంటే బాతుకు చూపూ చెవీ మెండు కాబట్టి ఇక్కడ తెలివి ఇంకాస్త ఎక్కువ పెట్టాలి.

ఒంపు ఎందుకంటే, కాలవ తిన్నగా ఉంటే నోటి దగ్గరి బాతుకు చివరి ఇరుకు కనబడుతుంది. ఒంపు తిరిగితే ముందు ఇంకా నీళ్లూ వెలుతురూ ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పైపు లోపల ఏం జరుగుతోందో మడుగు మీద మిగిలిన బాతులకు తెలియదు. ఈ రెండో లాభమే అసలైనదని నా లెక్క. ఉదయం ఒక గుంపు పట్టుబడితే మిగతావి ఏమీ ఎరగనట్టు నీటి మీద కునుకు తీస్తూ ఉండాలి. అప్పుడే మధ్యాహ్నం ఇంకో గుంపు దొరుకుతుంది. అన్నీ ఒక్కసారి లేచిపోయాయంటే ఆ రోజు పని అయిపోయినట్టే.

తడికల లెక్క

సందర్శకులు ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది కాలవ పక్కన ఉన్న రెల్లు తడికల్ని. మనిషి ఎత్తుకు మించిన పదీ పన్నెండు తడికలు వరుసగా ఉంటాయి. ఒకే గీత మీద మాత్రం ఉండవు. ఒక్కొక్కటీ ఏటవాలుగా, ఒకదాని అంచు వెనక ఇంకోటి మొదలయ్యేలా నిలబెడతారు. లూవర్ తలుపు రేకులు గుర్తు చేసుకోండి. ఒక వైపు నుంచి చూస్తే గోడలా మూసుకుపోయి ఉంటాయి, రెండో వైపు నుంచి చూస్తే సందులన్నీ తెరుచుకుంటాయి.

ఈ ఏటవాలు కోసమే అన్ని తడికలు. మడుగు మీది బాతుకు తడికల వెనక నడిచే మనిషి కనబడడు. అదే మనిషి రెండు తడికల సందులో నిలబడితే పైపు లోపలికి వెళ్లిపోయిన బాతులకు నిలువెత్తున కనబడతాడు. అంటే ఎవరికి కనబడాలో, ఎవరికి కనబడకూడదో తడికలే తేల్చేస్తాయి. వెళ్లినప్పుడు ఇది స్వయంగా చేసి చూడవచ్చు. ఒకరు సందులో నిలబడి, ఇంకొకరు నోటి వైపు నుంచి ఒకసారి, చివరి వైపు నుంచి ఒకసారి చూస్తే చాలు, బొమ్మలూ బోర్డులూ చెప్పలేనిది అర్థమవుతుంది.

తడికల మధ్య సుమారు రెండడుగుల ఎత్తులో పొట్టి పలకలు ఉంటాయి. కుక్క దూకేది వాటి మీంచే. తడికల్లో కంటి ఎత్తున సన్నటి రంధ్రాలు కూడా కనబడవచ్చు. వేటగాడు వాటిలోంచి బాతులు ఎక్కడున్నాయో చూసుకునేవాడు.

వేట నడిచే తీరు

అడవి బాతులు చలికాలంలో రాత్రిపూట పొలాల్లోనూ బురద నేలల్లోనూ మేసి, పగలు ప్రశాంతంగా ఉన్న నీటి మీద విశ్రమిస్తాయి. కాబట్టి డికాయ్ పట్టపగటి వేట. మడుగులో పెంపుడు బాతులు కొన్ని ఏడాది పొడవునా ఉంటాయి. ఇవే దీమాలు. హాలండ్‌లో వీటిని సగం అడవిగా వదిలేవారు. రాత్రి బయటి బాతులతో మేతకు పోయి, తెల్లవారుజామున కొత్త నేస్తాలను వెంటబెట్టుకుని వచ్చేవి. వేటగాడు మెల్లగా ఈల వేసి తడిక మీంచి గింజలు చల్లితే దీమాలు పైపులోకి వెళతాయి. నార కోసం పెంచే గంజాయి మొక్క గింజలు పూర్వం ఎక్కువగా వాడేవారు. అవి తేలికగా ఉండి నీటి మీద తేలతాయి కాబట్టి.

మేతకు ఆశపడి కొన్ని అడవి బాతులు దీమాల వెంట వస్తాయి. కడుపు నిండి కునుకుతున్నవి రావు. వాటి కోసమే కుక్క. వేటగాడు సైగ చేయగానే కుక్క ఒక తడిక వెనక నుంచి వచ్చి, పొట్టి పలక దూకి, నీటి ఒడ్డున నాలుగు అడుగులు వేసి, తర్వాతి తడిక చుట్టూ తిరిగి మాయమైపోతుంది. బాతుల తలలు లేస్తాయి. ఏమిటిది, ఎటు పోయింది? గుంపుగా అటు ఈదుతాయి. కుక్క ఈసారి ఒక తడిక లోపలగా కనబడుతుంది, మళ్లీ మాయం. అది ఎప్పుడూ బాతులకు వీపు చూపిస్తూ పైపు లోపలికే పోతుంది. బాతులు దాన్ని తరుముతున్నామనుకుంటాయి.

ఇంగ్లండ్‌లో ఈ కుక్కకు ఆనవాయితీగా పెట్టే పేరు పైపర్. నక్కను గుర్తు చేసే ఎర్రటి బొచ్చు, గుబురు తోక ఉంటే మంచిది. డచ్ వాళ్లు దీనికోసం ఒక జాతినే తయారు చేసుకున్నారు, కోయ్‌కర్‌హొంట్యె. తెలుపు మీద నారింజ ఎరుపు మచ్చలు, చివర తెల్లటి కుచ్చు తోక. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఈ జాతి దాదాపు అంతరించిపోయింది. వాన్ హార్డెన్‌బ్రూక్ వాన్ అమ్మర్‌స్టోల్ అనే బారనెస్ దొరికిన కొద్ది కుక్కలతో దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఎంత అందమైన కుక్కయినా ఒక్కసారి మొరిగితే పనికిరాదు.

బాతులు ఒంపు దాటి కమానుల కిందికి బాగా వచ్చాక వేటగాడు నోటి వైపు తడికల సందులోకి వచ్చి నిలబడతాడు. అరుపు లేదు, చప్పట్లు లేవు. చేతిలో రుమాలు ఊపితే చాలు. లోపలి బాతులకు వెనక మనిషి, ముందు వెలుతురు. అన్నీ లేచి ముందుకే ఎగురుతాయి. వల కిందికి, ఇరుకులోకి, చివరికి గొట్టంలోకి. వేటగాడు ఒక్కో తడిక సందులో కనబడుతూ వాటి వెనకే వస్తాడు. చివరికి గొట్టపు వల విప్పి ఒక్కొక్క బాతు మెడా విరిచేవాడు. తుపాకీ గుండ్లు లేని మాంసం కాబట్టి బజారులో మంచి ధర పలికేది.

గాలి దగ్గర వచ్చే చిక్కు

పైపులు అన్ని ఎందుకన్న ప్రశ్నకు జవాబు గాలిలో ఉంది. బాతు నీటి మీంచి లేచేటప్పుడు గాలికి ఎదురుగా లేస్తుంది. కాబట్టి గాలి పైపు చివరి నుంచి నోటి వైపుకు వీచాలి. అప్పుడు బెదిరిన బాతు గాలికి ఎదురు లేచినా లోపలికే పోతుంది. గాలి వెనక నుంచి వస్తే అదే బాతు వెనక్కి తిరిగి మడుగు మీదికి లేస్తుంది, మిగతా వాటినీ లేపుతుంది. ఏ రోజు గాలి ఎటున్నా పనికొచ్చే పైపు ఒకటి ఉండాలని నాలుగు దిక్కులకూ తవ్వేవారు. మూడే పైపులున్న చోట కొన్ని రోజులు వేట మానుకుని కూర్చోవాల్సిందే.

ఇక్కడే చిక్కు. గాలి పైపు లోంచి మడుగు మీదికి వీస్తే, పైపు పక్కన నక్కిన మనిషి వాసన కూడా బాతుల మీదికే పోతుంది. బాతులు మనిషి వాసన పసిగడతాయని ఈ వేటగాళ్ల గట్టి నమ్మకం. అందుకని పీట్ అనే, చిత్తడిలో కుళ్లిన మొక్కల ఎండు పెళ్లను రాజబెట్టి నోటి దగ్గర పట్టుకుని నడిచేవారు. ఊపిరి ఆ పొగలో కలిసిపోవాలని. ప్రదర్శనలో గైడు చేతిలో పొగ వచ్చే కుండో పెళ్లో కనబడితే కారణం ఇదే.

చెడిపోయే దారులు ఇంకా చాలా ఉన్నాయి. పోచార్డ్ వంటి మునిగే బాతులు పైపులోకి వచ్చినా, మనిషిని చూడగానే నీళ్లలోకి బుడుంగుమని దూకి అడుగు నుంచి ఈదుకుంటూ మడుగులో తేలతాయి. వాటికి ఈ యంత్రం పనికిరాదు. చిక్కేవి పైపైన మేసేవే: మలార్డ్, టీల్, విజన్, పిన్‌టెయిల్, షవలర్. గడ్డకట్టే చలిలో నోటి దగ్గర మంచు పగలగొట్టి ముక్కలు తీసేయాలి, లేకపోతే బాతులు వేరే నీళ్లు వెతుక్కుంటాయి. ఒక్క బాతు తప్పించుకుని మడుగు చేరితే దాని బెదురు గుంపంతటికీ అంటుకుంటుంది. అన్నిటికంటే చెడ్డది చప్పుడు. పక్క పొలంలో ఒక తుపాకీ పేలితే వారం రోజుల శ్రమ ఎగిరిపోతుంది.

అందుకే హాలండ్‌లో డికాయ్‌కు చుట్టూ నిశ్శబ్దపు హక్కు ఉంది. మడుగు నడిమధ్య నుంచి ఒక వలయం గీసి, దాని లోపల బాతుల్ని బెదరగొట్టే పని ఎవరూ చేయకూడదని నియమం. ఆ వలయపు వ్యాసార్థం చాలా చోట్ల 753 మీటర్లు, కొన్ని చోట్ల 1,130. ఈ బేసి అంకెలు పాత రైన్‌లాండ్ కొలతల నుంచి వచ్చాయి, 200 కోలలు, 300 కోలలు. పొలాల గట్ల మీద ఇప్పటికీ ఆ హక్కును ప్రకటించే బోర్డులు కనబడతాయి. ఇతరుల భూమి మీద కూడా చెల్లే నిశ్శబ్దం అది.

లెక్కలు, పతనం

వేట ఏ స్థాయిలో జరిగేదో రెండు అంకెలు చాలు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో, వెయిన్‌ఫ్లీట్ చుట్టుపక్కల పది డికాయ్‌ల నుంచి ఒకే సీజన్‌లో 31,200 బాతులు లండన్‌కు వెళ్లినట్టు ఆనాటి ప్రకృతి శాస్త్రవేత్త థామస్ పెన్నంట్ రాశాడు. సిల్ట్ దీవిలోని కాంపెన్ డికాయ్‌లో 1767 నుంచి 1921 వరకు పట్టిన బాతులు దాదాపు 7 లక్షలు. సగటున ఏటా నాలుగున్నర వేలు, ఒక్క చెరువులో.

జాలి కలిగి మానేశారనుకుంటే పొరపాటు. ఫెన్ అనే లోతట్టు చిత్తడి నేలల్ని కాలవలు తవ్వి ఎండబెట్టి పొలాలు చేశారు. బాతులు రాత్రి మేసే బురద పోయింది, చెరువుల్లో నీటి మట్టం పడిపోయింది. తుపాకులు మెరుగై చౌకయ్యాయి, చప్పుడు పెరిగింది. ఏడాదంతా వలలు, కమానులు, తడికలు బాగుచేసే కూలి ఖర్చు మాత్రం తగ్గలేదు. ఇంగ్లండ్‌లో వ్యాపారంగా చివరిదాకా నిలిచింది సఫక్‌లోని నాక్టన్ డికాయ్, అదీ 1966లో వేట ఆపేసింది. కాంపెన్ డికాయ్ అంతకు చాలా ముందే, 1935లో, ప్రకృతి రక్షిత స్థలం అయింది.

వేట చెరువు పక్షులకు ఎందుకు పనికొచ్చిందన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు వెతకనక్కర లేదు. లోతు తక్కువ నీళ్లు, చుట్టూ దట్టమైన చెట్లు, లోపలికి మనుషులు రాని కట్టడి, వందల ఏళ్ల నిశ్శబ్దం. ఉచ్చుకు కావలసినవన్నీ పక్షికీ కావలసినవే. చివరి మెడ విరుపు ఒక్కటి తీసేస్తే మిగిలేది ఆశ్రయం. చెట్టన్నది అరుదైన సిల్ట్ వంటి గాలి దీవి మీద, డికాయ్ చుట్టూ నాటిన తోపు చిట్టడవిగా మారింది. బాతులతో సంబంధం లేని చిన్న పిట్టలూ పురుగులూ అక్కడ చేరాయి.

బ్రిటన్‌లో చట్టం కూడా వీటికి ఒక సందు వదిలింది. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వలలతో అడవి పక్షుల్ని పట్టడం నేరం. 1954 పక్షి రక్షణ చట్టం రావడానికి సరిగ్గా ముందు వాడుకలో ఉన్నట్టు రుజువున్న బాతుల డికాయ్‌కు మాత్రం మినహాయింపు. అంటే కొత్తగా ఎవరూ డికాయ్ తవ్వి వాడలేరు, పాతది వాడుక రుజువు ఉంటేనే చెల్లుతుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతులను ఏ వలతో పట్టినా నేరమే.

పట్టే నైపుణ్యం మాత్రం వృథా పోలేదు. గాయపడకుండా, పెద్ద సంఖ్యలో, గుంపులో ఏరినట్టు కాకుండా బాతుల్ని చేతికి తెచ్చే పద్ధతి ఇది. పరిశోధకులకు ఇంతకంటే ఏం కావాలి? 1946లో ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ స్కాట్ ఇంగ్లండ్‌లోని స్లిమ్‌బ్రిడ్జ్‌లో తన నీటిపక్షుల సంస్థను స్థాపించినప్పుడు, అక్కడ 1843లో కట్టిన నాలుగు పైపుల డికాయ్‌ను కాలి ఉంగరాలు తొడగడానికి వాడాడు. బరో ఫెన్‌లో కూడా తర్వాత అదే పని సాగింది. గొట్టంలోంచి తీసిన బాతుకు అంకె ఉన్న లోహపు ఉంగరం తొడిగి, రెక్క కొలిచి, బరువు తూచి వదిలేస్తారు. ఎక్కడో దూరాన అది మళ్లీ దొరికితే దాని వలస దారి బయటపడుతుంది. హాలండ్‌లో రొటర్‌డామ్‌లోని ఎరాస్మస్ వైద్య కేంద్రం పరిశోధకులు డికాయ్‌లలో పట్టిన బాతుల నుంచి నమూనాలు తీసి బర్డ్ ఫ్లూ వైరస్‌లను గమనిస్తున్నారు. కోళ్ల ఫారాలకు రాబోయే ముప్పు ముందుగా కనబడే కిటికీల్లో ఈ పాత ఉచ్చు ఒకటి అయింది.

నిర్వహణలో తెగని తగువు ఒకటి ఉంది, చూడటానికి వెళ్లేవాళ్లకు అది కనబడుతుంది కూడా. చెరువులో ఆకులు రాలి ఏటా పూడిక చేరుతుంది. తీయకపోతే మడుగు పూడి చిత్తడి అడవి అవుతుంది, లోతుగా తవ్వితే పాత గట్ల ఆనవాళ్లు చెడిపోతాయి. చెట్లను పెరగనిస్తే పెద్ద కొమ్మల మీద డేగలు చేరి మడుగును కాపు కాస్తాయి, బాతులు దిగడానికి ఆకాశంలో దారి మూసుకుపోతుంది. పూర్వం వేటగాళ్లు ఆల్డర్, విల్లో, యాష్ చెట్లను కొన్నేళ్లకోసారి మొదలంటా నరికి మళ్లీ చిగురించనిచ్చేవారు. కమానులకు కర్ర, పొయ్యికి కట్టె, చెరువుకు పొదలాంటి మరుగు, మూడూ దక్కేవి. అందుకే ‘రక్షిత స్థలంలో చెట్లు నరికేశారు’ అని వెళ్లిన వాళ్లు కోపపడటం తరచూ తొందరపాటే. వెదురులాగా మోడు నుంచి గుబురుగా లేచిన పిలకలు కనబడితే అది పద్ధతి ప్రకారం జరిగిన నరుకుడు.

వెళ్లేముందు, వెళ్లాక

ఇంగ్లండ్‌లో బకింగ్‌హమ్‌షైర్‌లోని బోర్‌స్టాల్ డికాయ్ నేషనల్ ట్రస్టు ఆస్తి, ఆక్స్‌ఫర్డ్‌కు ఈశాన్యంగా ఉంటుంది. బిస్టర్ షాపింగ్‌కు వెళ్లే తెలుగువాళ్లకు అది కొద్ది మైళ్ల పక్కదారి. మెర్సీ నది ఒడ్డున హేల్ డికాయ్ ఇంకో రకం. ఐదు పైపులు, చుట్టూ అగడ్త, దాటడానికి తిప్పే వంతెన. పిల్లలతో తేలికగా చూడాలంటే ఆబట్స్‌బరీ, స్లిమ్‌బ్రిడ్జ్ మేలు, చుట్టూ చూడటానికి వేరేవి కూడా ఉంటాయి. సిల్ట్‌లోని కాంపెన్‌లో కాలిబాటా ప్రదర్శనా ఉన్నాయి. హాలండ్‌లో చాలావాటికి గైడు లేకుండా ప్రవేశం ఉండదు. ఎక్కడికైనా సరే తేదీ చూసుకోకుండా బయల్దేరవద్దు. ఏడాదిలో కొన్ని రోజులే తెరిచే డికాయ్‌లే ఎక్కువ.

కాలం ఎంచుకోవడంలో ఇబ్బంది ఏమిటంటే, బాతులు ఎక్కువగా ఉండేది అక్టోబరు నుంచి మార్చి దాకా, చాలా చోట్ల లోపలికి రానివ్వనిదీ అప్పుడే. నిర్మాణం అర్థం చేసుకోవాలంటే కుక్కతో ప్రదర్శన పెట్టే వేసవి రోజు వెళ్లండి. పెంపుడు బాతులతో చేసినా సూత్రం తెలుస్తుంది. అడవి బాతులే కావాలంటే చలికాలంలో, పక్షులకు కనబడకుండా కూర్చుని చూసే చాటుగది ఉన్న చోటు చూసుకోండి. రెండూ ఒకే రోజు దొరకవు.

సొంత కుక్కను తీసుకెళ్లకండి. అక్కడి కుక్క పని మీద ఉంటుంది, మీది కాదు. బూట్లు మోకాలి దాకా ఉండేవి వేసుకోండి, నేల ఎప్పుడూ పదనుగానే ఉంటుంది. ముదురు రంగు బట్టలు, మూగబోయిన ఫోను, 8×42 బైనాక్యులర్ సరిపోతాయి. తడిక దాకా నడిచి, రంధ్రంలోంచి చూసేముందు ఒక నిమిషం కదలకుండా ఆగండి. బాతులు ఒకసారి మెడ చాచి నిక్కితే మీరు తొందరపడ్డట్టే. మళ్లీ ముక్కు రెక్కలో దూర్చేదాకా ఓపిక పట్టాలి, దానికి ఇరవై నిమిషాలు పట్టవచ్చు. రొట్టె ముక్కలు వేయవద్దు. చచ్చిన పక్షిని ముట్టుకోకుండా అక్కడి సిబ్బందికి చెప్పండి. బూట్లు ముంచే మందు నీళ్లు గేటు దగ్గర పెట్టి ఉంటే దాటేసి పోవద్దు. ఇంట్లో కోళ్లో పెంపుడు బాతులో ఉన్నవాళ్లు తిరిగి వచ్చాక బూట్లు కడిగి, బట్టలు మార్చుకున్నాకే వాటి దగ్గరికి వెళ్లాలి.

నీటి మీద కనబడేవాటిలో మలార్డ్ మగది ఆకుపచ్చ తలతో తేలికగా తెలుస్తుంది. టీల్ వాటిలో బాగా చిన్నది. మెడ మీద తెల్లటి చార, సూదిలాంటి తోక ఉంటే పిన్‌టెయిల్. గరిటె లాంటి ముక్కు ఉంటే షవలర్. పరిచయంగా అనిపిస్తే ఆశ్చర్యం లేదు. కొల్లేరుకూ పులికాట్‌కూ చలికాలంలో వచ్చే వలస బాతుల్లో టీల్, పిన్‌టెయిల్, షవలర్ జాతులు ఉన్నాయి. ఇంగ్లండ్‌కు దిగేవి అట్లాంటిక్ తీరపు దారిలో, మన దగ్గరికి వచ్చేవి మధ్య ఆసియా దారిలో ప్రయాణిస్తాయి.

టికెట్టు లేకుండా, తేదీలు చూడకుండా చూడగలిగిన డికాయ్‌లూ ఉన్నాయి. ఇంగ్లండ్ తూర్పు జిల్లాల మ్యాపులో డికాయ్ వుడ్, డికాయ్ ఫార్మ్ అన్న పేర్లు వెతకండి. హాలండ్ మ్యాపులో ఏందెన్‌కోయ్, ఉత్తర జర్మనీలో ఫోగెల్‌కోయె. ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు దగ్గరగా తెస్తే, దున్నిన పొలాల మధ్య ఒక గుండ్రటి తోపు, దాని లోపల కాళ్లు చాచిన మడుగు కనబడతాయి. కొన్ని చోట్ల తోపు కూడా పోయింది. అలాంటి పొలంలో ఎండలు ముదిరిన ఏడాది పైరు వాడిపోతుంటే, పూడ్చేసిన పైపుల మీద మాత్రం అడుగున తేమ నిలిచి ఆకు పచ్చగా ఉంటుంది. వంకర తిరిగిన నాలుగైదు పచ్చటి చారలు పై నుంచి నక్షత్రంలా కనబడతాయి.